నీళ్ళ ట్యాంకు గోడ ఎంత వంగుతుంది? లెక్క వేసుకోవడం ఇలా

గోడ గట్టిగా ఉండాలి అనగానే అందరి చూపూ మందం మీదికి పోతుంది. ఆరంగుళాలు చాలదేమో, ఎనిమిది వేద్దాం అంటారు. మందం పెంచడం తప్పు కాదు. కానీ గోడ ఎంత వంగుతుందన్నది ఎత్తు, పొడవు, పైఅంచును పట్టుకునేది ఏదైనా ఉందా లేదా అన్న మూడు సంగతుల మీద కూడా ఆధారపడుతుంది. వీటిని చూడకుండా మందం ఒక్కటే పెంచుకుంటూ పోతే కాంక్రీటు ఖర్చు పెరుగుతుంది గానీ, వంపు అనుకున్నంత తగ్గకపోవచ్చు. కాగితం, కాలిక్యులేటర్ దగ్గర పెట్టుకుంటే ఏ కొలత ఎంత పని చేస్తుందో మీరే తేల్చుకోవచ్చు. డిప్లొమా మొదటి ఏడాది లెక్కలు వస్తే చాలు.

ఉదాహరణకు నేల మీద కట్టే ఆర్‌సీసీ నీళ్ళ ట్యాంకును తీసుకుందాం. దీర్ఘచతురస్రాకారం, పైకప్పు లేదు. పొడవు వైపు గోడ 12 మీటర్లు, ఎత్తు 3 మీటర్లు, మందం 200 మి.మీ. కాంక్రీటు ఎం30. నీళ్ళు నిలబెట్టే ఆర్‌సీసీ కట్టడాలకు ఐఎస్ 3370 కోరే కనీస గ్రేడు అదే. ట్యాంకు అంచుదాకా నిండి ఉందనుకోండి. ఇప్పుడు పొడవు గోడ నడిమి భాగంలో పైఅంచు ఎంత బయటికి జరుగుతుంది?

మొదటి మెట్టు: తోపు ఎటు నుంచో చూడండి

గోడ మీద భారం మూడు రకాలుగా పడుతుంది. పైనుంచి స్లాబు బరువు గోడ మందానికి సరిగ్గా మధ్యన దిగితే గోడ రవ్వంత కుదించుకుంటుంది, అంతే. గోడ పొడవు వెంట తోసే బలం రెండోది. భూకంపం వచ్చినప్పుడు లిఫ్టు చుట్టూ ఉండే గోడలు తట్టుకునేది దీన్నే. మూడోది గోడ ముఖం మీద పడే తోపు: నీళ్ళు, మట్టి, గాలి. గోడలు వంగేది ఎక్కువగా ఈ మూడోదాని వల్లే.

రెండో రకానికీ మూడో రకానికీ ఎంత తేడా ఉందో ఒక లెక్క చూడండి. 2 మీటర్ల పొడవు, 200 మి.మీ. మందం ఉన్న గోడ వంగుడును ఎదిరించే శక్తి, అంటే ఇనర్షియా, పొడవు వెంట తోస్తే 0.133 మీటర్ల నాలుగో ఘాతం. అదే గోడను ముఖం మీద తోస్తే 0.00133. సరిగ్గా నూరు రెట్ల తేడా. పెంకుటింటికి దూలాన్ని ఎప్పుడూ సన్నని అంచు కిందికి వచ్చేలా నిలబెట్టి ఎక్కించేది ఇందుకే. మన ట్యాంకు గోడను నీళ్ళు బలహీనమైన వైపు నుంచే తోస్తున్నాయి.

రెండో మెట్టు: ఒక మీటరు పట్టీ తీసుకోండి

పన్నెండు మీటర్ల గోడనంతా ఒకేసారి పట్టుకోనక్కర్లేదు. నడిమిలో ఒక మీటరు వెడల్పు ఉన్న నిలువు పట్టీని మనసులో కోసి తీయండి. కింద పునాదిలో బిగించి ఉంది, పైన స్వేచ్ఛగా ఉంది. ఇది కాంటిలీవర్. బాల్కనీ స్లాబును నిలబెట్టినట్టే లెక్క. పొడవు ఎత్తుకు మూడు రెట్లకు మించి ఉంటే నడిమి పట్టీకి పక్క గోడల సాయం పెద్దగా అందదు కాబట్టి ఈ ఊహ నిలుస్తుంది. మన గోడకు నాలుగు రెట్లుంది.

మూడో మెట్టు: నీటి తోపు కట్టండి

నీటి బరువు ఘనపు మీటరుకు 9.81 కిలోన్యూటన్లు. దాన్ని లోతుతో గుణిస్తే ఆ లోతులో ఒత్తిడి వస్తుంది. పైన సున్నా, అడుగున 9.81 × 3 = 29.43 కిలోన్యూటన్లు, చదరపు మీటరుకు. గీసి చూస్తే త్రిభుజం.

కొత్తవాళ్ళు ఇక్కడే తడబడతారు. ట్యాంకు పెద్దదైతే తోపు కూడా పెద్దదనుకుంటారు. కాదు. ట్యాంకులో లక్ష లీటర్లున్నా పది లక్షలున్నా, లోతు ఒకటే అయితే మన మీటరు పట్టీ మీద తోపు ఒకటే. గోడకు తెలిసింది లోతు మాత్రమే.

నాలుగో మెట్టు: గోడ బిగువు లెక్కించండి

ఇనర్షియా అంటే వెడల్పును మందం ఘనంతో గుణించి 12తో భాగించాలి. మీటరు పట్టీకి: 1 × 0.2 × 0.2 × 0.2 ÷ 12 = 0.000667.

కాంక్రీటు మాడ్యులస్ ఐఎస్ 456 ప్రకారం 5000ను గ్రేడు వర్గమూలంతో గుణిస్తే వస్తుంది. ఎం30కి 27,386 న్యూటన్లు, చదరపు మిల్లీమీటరుకు. దీన్ని మీటర్లు, కిలోన్యూటన్లలోకి మారిస్తే సుమారు 2.74 కోట్లు. మిల్లీమీటర్లు, మీటర్లు ఒకే లెక్కలో కలిపేస్తే జవాబు వెయ్యి రెట్లు, లక్ష రెట్లు తప్పిపోతుంది. అందుకని మొదటి వరుసలోనే అన్నిటినీ మీటర్లలోకి, కిలోన్యూటన్లలోకి మార్చేసుకోండి. మాడ్యులస్‌నీ ఇనర్షియానీ గుణిస్తే 18,257 వస్తుంది. గోడ బిగువు అంటే ఈ అంకె.

ఐదో మెట్టు: వంపు తేల్చండి

అడుగున ఎక్కువ, పైన సున్నా ఉన్న త్రిభుజపు భారం కాంటిలీవర్ మీద పడితే పైఅంచు జరుగుడుకు సూత్రం ఇది: అడుగు ఒత్తిడిని ఎత్తు నాలుగో ఘాతంతో గుణించి, 30 రెట్ల బిగువుతో భాగించాలి.

29.43 × 81 ÷ (30 × 18,257) = 0.00435 మీటర్లు. అంటే 4.35 మి.మీ.

ఇది తుది జవాబు కాదు. ఎందుకో కాసేపట్లో చూద్దాం. ముందు ఈ అంకెతోనే ఒక్కో కొలతా మార్చి చూడండి. ఈ పాఠంలో అసలు నేర్చుకోవలసింది అదే.

ఆరో మెట్టు: ఒక్కో కొలత మార్చి చూడండి, ఒకసారికి ఒకటే

మందంతో మొదలుపెట్టండి. 200ను 250 చేస్తే వంపు 4.35 నుంచి 2.23కి దిగుతుంది. 300 చేస్తే 1.29. మందం ఒకటిన్నర రెట్లు పెరిగితే వంపు 3.375వ వంతుకు తగ్గింది. మందం ఘనంగా పనిచేస్తుందంటే అర్థం ఇదే.

ఇప్పుడు మందాన్ని 200 దగ్గరే ఉంచి ఎత్తు తగ్గించండి. 3 మీటర్లను 2 చేస్తే వంపు 0.57 మి.మీ.కి పడిపోతుంది. ఏడున్నర రెట్ల తగ్గుదల! 4 మీటర్లకు పెంచితే 18 మి.మీ. దాటుతుంది. సూత్రంలో ఎత్తు నాలుగో ఘాతంలోనే ఉంది కదా, ఇంత తేడా ఎక్కడిది? అడుగు ఒత్తిడిలో కూడా ఎత్తు దాగి ఉంది. నీళ్ళ లోతు పెరిగితే తోపూ పెరుగుతుంది. రెండూ కలిసి ఐదో ఘాతం అవుతుంది. మందం ఎంత పెంచాలా అని తల పట్టుకునే ముందు, ట్యాంకును కాస్త వెడల్పు చేసి ఎత్తు అర మీటరు తగ్గించగలమా అని అడగండి. స్థలం ఉంటే అదే చౌక దారి. మూడు మీటర్లను రెండున్నర చేస్తే వంపు అరవై శాతం తగ్గుతుంది.

లోతుకున్న ఈ ప్రభావం ట్యాంకు నింపేటప్పుడు కూడా కనిపిస్తుంది. సగం నింపినప్పుడు, అంటే ఒకటిన్నర మీటర్ల లోతులో, పైఅంచు 0.3 మి.మీ. మాత్రమే జరుగుతుంది. నిండు ట్యాంకు వంపులో అది పద్నాలుగో వంతు. సగం నింపి చూశాం, గోడ కదల్లేదు, ఇక భయం లేదు అనుకోవడం ఎంత తప్పో ఈ అంకె చెబుతుంది.

ఏడో మెట్టు: వంపు గోడలో ఎక్కడ పుడుతుందో గమనించండి

పైఅంచు జరిగింది కదా అని పైభాగం వంగిందనుకోకండి. పైఅంచు జరుగుడులో 60 శాతం గోడ అడుగు అర మీటరులోనే పుడుతుంది. అక్కడ వచ్చే కొద్దిపాటి తిరుగుడు పైకి పోయేకొద్దీ పెద్దదై కనిపిస్తుంది. పైభాగం దాదాపు తిన్నగానే ఉండి వాలుతుంది.

ఈ సంగతి తెలిస్తే కాంక్రీటును ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది. అడుగున 300, పైన 200 ఉండేలా ఏటవాలు గోడ పోస్తే సగటు మందం 250. కానీ వంపు 1.56 మి.మీ. మాత్రమే. అంతే కాంక్రీటుతో నిలువునా 250 పోస్తే 2.23 అని చూశాం కదా. ఖర్చు పెరగకుండానే ముప్ఫై శాతం తగ్గింది. షటరింగ్ మేస్త్రీ కొంచెం విసుక్కుంటాడు, నిజమే. కానీ ఎత్తైన గోడకు ఏటవాలు అడగడానికి వెనుకాడకండి.

ఎనిమిదో మెట్టు: పగులుతుందా, లేదా?

ఇందాక వాయిదా వేసిన సంగతి ఇది. 4.35 మి.మీ. అన్న లెక్క గోడ ఎక్కడా పగలలేదన్న నమ్మకంతో వేసింది. సరిచూద్దాం. అడుగున మొమెంట్ అంటే ఒత్తిడి × ఎత్తు వర్గం ÷ 6. 29.43 × 9 ÷ 6 = 44.1 కిలోన్యూటన్ మీటర్లు. 200 మి.మీ. మందంలో ఇది కాంక్రీటును చదరపు మిల్లీమీటరుకు 6.6 న్యూటన్లతో లాగుతుంది. ఐఎస్ 456 ప్రకారం ఎం30 కాంక్రీటు వంగుడులో 3.83 దగ్గర పగులుతుంది. అంటే ఈ గోడ అడుగున పగిలి తీరుతుంది. ఎంత మేర? లెక్క వేస్తే కిందినుంచి అర మీటరు. వంపులో 60 శాతం పుట్టేది ఆ అర మీటరులోనే అని ఇప్పుడే అనుకున్నాం.

పగిలిన చోట ఇనర్షియా నాలుగో వంతుకు పడిందనుకోండి, వేసిన కమ్మిని బట్టి అలా పడడం మామూలే. అప్పుడు పైఅంచు జరుగుడు 4.35 కాదు, సుమారు 12 మి.మీ. అదే 300 మి.మీ. గోడలో లాగుడు సుమారు 2.9 మాత్రమే, పగులు రాదు, 1.29 లెక్క నిలుస్తుంది. కాగితం మీద 3.375 రెట్లు కనిపించిన తేడా నిజానికి తొమ్మిది రెట్లకు పైనే. నీళ్ళ ట్యాంకుకు పగులు అంటే వంపు పెరగడం ఒక్కటే కాదు, కారుడు, కమ్మికి తుప్పు. అందుకే ఐఎస్ 3370 పగులు వెడల్పును 0.2 మి.మీ.కి కట్టడి చేసింది. నా దృష్టిలో ట్యాంకు గోడ మందాన్ని తేల్చాల్సింది ఈ పగులు లెక్కే. వంపు దాని వెనకాల వస్తుంది.

ఇంకొకటి కలపాలి. నీళ్ళు రాత్రింబవళ్ళు తోస్తూనే ఉంటాయి. ఆగకుండా పడే భారం కింద కాంక్రీటు ఏళ్ళ తరబడి మెల్లగా సాగుతుంది. దీన్ని క్రీప్ అంటారు. 28 రోజుల వయసులో భారం ఎక్కితే ఐఎస్ 456 ఇచ్చే గుణకం 1.6. అంటే మొదటి వంపును 2.6తో గుణించాలి. మన 300 మి.మీ. గోడ 1.29 నుంచి చివరికి 3.35 మి.మీ.కి చేరుతుంది. ట్యాంకును తొందరపడి 7 రోజులకే నింపితే గుణకం 2.2. అంతా కలిపి ఐఎస్ 456 పెట్టిన హద్దు స్పానులో 250వ వంతు, మన మూడు మీటర్లకు 12 మి.మీ. ఆ నిబంధన స్లాబుల్లాంటి అడ్డంగా ఉండే భాగాల కోసం రాసింది గానీ, గోడకు ఒక అంచనాగా పెట్టుకోవచ్చు.

తొమ్మిదో మెట్టు: పైఅంచును పట్టుకునేది ఉందా?

ఇదే గోడకు పైన స్లాబు పడి, గోడ కమ్మి స్లాబులోకి పోయి బిగిసిందనుకోండి. సంపుల్లో జరిగేది ఇదే. అప్పుడు పైఅంచు జరగదు, గోడ మధ్యలో మాత్రం కాస్త ఉబ్బుతుంది. సూత్రంలో 30 ఉన్నచోట 419 వస్తుంది. 200 మి.మీ. గోడకు వంపు 0.31 మి.మీ. అడుగు మొమెంట్ 44.1 నుంచి 17.7కి దిగుతుంది. పగులు కూడా తప్పుతుంది. మందం ఒక్క మిల్లీమీటరు పెంచకుండా వంపు పద్నాలుగో వంతుకు తగ్గింది!

కానీ సైటులో ఒక ప్రమాదం పొంచి ఉంది. కారుడు పరీక్ష కోసమని పైస్లాబు పోయకముందే నీళ్ళు నింపుతారు. డిజైన్ పైన పట్టు ఉందనుకుని చేసింది. ఆ రోజు గోడకు ఆ పట్టు లేదు. డ్రాయింగులో 'పైస్లాబు గట్టిపడ్డాకే నింపాలి' అన్న మాట ఉందేమో చూడండి. లేకపోతే డిజైనర్‌ను అడిగి రాయించండి.

పదో మెట్టు: పొడవును వాడుకోండి

గోడ పొడవు ఎత్తుకు దగ్గరగా ఉంటే పక్క గోడలు రెండు వైపులా పట్టుకుంటాయి, నీటి తోపు కొంత అడ్డంగా పంచుకుంటుంది. అప్పుడు మన పట్టీ లెక్క ఎక్కువ చూపిస్తుంది. అలాంటి గోడలకు ఐఎస్ 3370 నాలుగో భాగంలో పొడవు, ఎత్తుల నిష్పత్తిని బట్టి పట్టికలున్నాయి. పన్నెండు మీటర్ల ట్యాంకు నడుమ అడ్డగోడ కడితే ఒక్కో గది ఆరు మీటర్లవుతుంది, పొడవు గోడకు మధ్యలో ఇంకో ఊత దొరుకుతుంది. మూలల్లో అడ్డ కమ్మి మాత్రం తప్పనిసరి.

పొడవు విలువ బాగా తెలిసేది ఇటుక ప్రహరీ గోడల్లో. విశాఖపట్నానికి ఐఎస్ 875 మూడో భాగం ఇచ్చిన మూల గాలి వేగం సెకనుకు 50 మీటర్లు. హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరు 12న తీరం దాటింది అక్కడే. వేగం వర్గాన్ని 0.6తో గుణిస్తే చదరపు మీటరుకు 1500 న్యూటన్లు. మిగతా గుణకాలు పక్కనబెట్టి ఇదే తీసుకుందాం. రెండు మీటర్ల ఎత్తు, తొమ్మిదంగుళాల గోడ, పిల్లర్లు లేవు. ఇటుక కట్టుబడి బలం చదరపు మిల్లీమీటరుకు 4 న్యూటన్లనుకుంటే పైఅంచు వంపు సుమారు 1.3 మి.మీ. వస్తుంది. చూడ్డానికి ఏమీ కాదు. కానీ అడుగు వరుసలో లాగుడు, గోడ సొంత బరువు మినహాయించాక కూడా, 0.3 న్యూటన్లు. మంచి సిమెంటు మాలుతో కట్టినా ఐఎస్ 1905 ఒప్పుకునేది 0.07. లెక్కలో ఆ వంపు పూర్తయ్యేలోగానే అడుగు వరుస విడిపోతుంది. ఇటుక గోడ వంగి హెచ్చరించదు. దానికి వంపు లెక్క చూసి ధైర్యం తెచ్చుకోకూడదు.

ప్రహరీకి పిల్లర్లు పెడితే గోడ అడ్డంగా, పిల్లరు నుంచి పిల్లరుకు వంగుతుంది. ఆ దిశలో అదే కోడ్ ఒప్పుకునే లాగుడు 0.14, రెట్టింపు. అయితే ఎడం కీలకం. పిల్లర్ల మధ్య దూరం రెట్టింపు చేస్తే వంపు పదహారు రెట్లవుతుంది. నాలుగు పిల్లర్లు మిగిలాయని సంబరపడే ముందు ఇది గుర్తుండాలి.

చివరిగా: పునాది తిరుగుడు, కొలత

ఇంతవరకూ అడుగు కదలకుండా బిగిసి ఉందనుకున్నాం. నేల మెత్తనిదైతే అలా ఉండదు. మీటరు వెడల్పు పునాది ఒక వైపు మరో వైపుకన్నా 1 మి.మీ. ఎక్కువ దిగితే, మూడు మీటర్ల గోడ పైఅంచు 3 మి.మీ. వాలుతుంది. మన 300 మి.మీ. గోడ మొదటి వంపుకన్నా అదే రెట్టింపుకు పైన. నల్లరేగడి నేలల్లో గోడ మందం గురించి ఎంత తర్కించినా, ముందు మట్టి పరీక్ష నివేదిక తెరవకపోతే ఉపయోగం లేదు.

ట్యాంకు నింపే రోజున వంపును కొలవండి. గోడకు తగలకుండా బయట విడిగా ఒక స్టాండు పాతి, పైఅంచు దగ్గర ఒక డయల్ గేజ్, అడుగుకు కాస్త పైన ఇంకొకటి బిగించండి. ఎండకు గోడ వ్యాకోచించి కొలత తప్పుతుంది కాబట్టి తెల్లవారుజామున చూడడం మంచిది. నీళ్ళు సగానికి వచ్చాక ఒకసారి, ఆ తర్వాత ప్రతి పావు మీటరుకూ రాసుకోండి. పై గేజ్ లెక్కకు దగ్గరగా నడిచి, కిందిది దాదాపు కదలకపోతే గోడ మీరు అనుకున్నట్టే వంగుతోంది. కింది గేజ్ కూడా గట్టిగా కదులుతుంటే పునాది తిరుగుతోందని అర్థం. పై గేజ్ అంకెలు ఒక లోతు దాటాక ఉన్నట్టుండి లెక్కను మించి ఎగబాకితే అడుగున పగులు మొదలైందన్నమాట. అక్కడే నింపడం ఆపి, నీటి మట్టం దించి, డిజైన్ చేసిన ఇంజనీరును పిలిచి ఆ కాగితం చూపించండి.